చిన్న విమానంలో ఎగరాలనే సరదా: కర్నూలు, అనంతపురం, కడప వాళ్ళకు ఏ దారి నప్పుతుంది?

రాయలసీమలో రన్‌వేలకు కొదవ లేదు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. కడప విమానాశ్రయం 2015 జూన్‌లో మళ్ళీ తెరుచుకుంది. పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు వాళ్ళ విమానాశ్రయం 1990 నుంచీ ఉంది. అయినా ఆదివారం పొద్దున్నే వెళ్ళి, గంటకింత అని కట్టి, రెండు సీట్ల విమానంలో ఒక చుట్టు తిరిగి రావాలని సరదా పడేవాళ్ళు ఇప్పటికీ బెంగళూరు దారో హైదరాబాద్ దారో పట్టాల్సిందే. అందుకే ఏ విమానం మంచిది, ఏ కోర్సు మంచిది అని అడిగేవాళ్ళను నేను ముందు ఒకటే అడుగుతాను: మీ ఇంటి నుంచి ఆ రన్‌వేకి ఎంతసేపు ప్రయాణం, నెలకు ఎన్నిసార్లు వెళ్ళగలరు?

ఎయిర్‌లైన్ పైలట్ కావాలనుకునే పిల్లల కోసం రాసింది కాదిది. వాళ్ళకు కావలసింది కమర్షియల్ లైసెన్సు. దాని గంటలు, అప్పులు, ఉద్యోగాల లెక్క పూర్తిగా వేరు. వ్యాపారమో ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, జీవితంలో ఆకాశానికి కాస్త చోటివ్వాలనుకునేవాళ్ళకే ఈ సలహా.

## ముందు తేల్చుకోవాల్సినవి

మీకు కావలసింది ఏ ఆనందం? చిన్న విమానంలో మూడు రకాల ఆనందాలున్నాయి. అందరూ మూడూ కలిపే అడుగుతారు గానీ ఒక్కో మనిషికి ఒక్కటే బలంగా ఉంటుంది.

మొదటిది చూడటం. పెద్ద విమానం ముప్పై వేల అడుగుల పైన పోతుంది, కిటికీలోంచి మబ్బులు తప్ప పెద్దగా ఏమీ కనబడవు. చిన్న విమానం రెండు మూడు వేల అడుగుల ఎత్తులో, గంటకు 180 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా పోతుంది. చెరువు గట్టు మీద గొర్రెల మంద కనబడుతుంది. ఎర్రటి నేల మధ్య బోరు దగ్గర పచ్చగా ఉన్న ఒక్క మడి కనబడుతుంది. రోజూ తిరిగే రోడ్డు అన్ని మలుపులు ఎందుకు తిరిగిందో పైనుంచి చూస్తే తెలుస్తుంది: అక్కడొక గుట్ట, ఇక్కడొక వంక.

రెండోది నడపడం. యోక్‌ను, అంటే విమానం స్టీరింగును, రెండు వేళ్ళతో కాస్త వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, తోకను తిప్పే రడ్డర్ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనిస్తే తోక సర్దుకుంటుంది. కారు నడపడంలో చాలాకాలంగా పోయిన ఆ శ్రద్ధ, ఆ పని ఇక్కడ ప్రతి నిమిషం ఉంటుంది. దిగడం మరీను. రన్‌వే దగ్గరపడుతుంటే ఆఫీసు టెన్షన్ గుర్తుకు రావడానికి తలలో ఖాళీ ఉండదు.

మూడోది మన ఇష్టప్రకారం ఎక్కడికైనా పోయి రావడం. కడప నుంచి ఓర్వకల్లు గగనమార్గంలో సుమారు 150 కిలోమీటర్లు, సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానంలో ముప్పావు గంట. కొంచెం పడమటికి వంగితే మైలవరం డ్యాము, గండికోట దగ్గర పెన్న కోసిన లోయ, తర్వాత ఎర్రమల కొండలు, చివర్లో ఓర్వకల్లుకు దగ్గర్లో గని, శకునాల గ్రామాల వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. చెప్పుకోవడానికి ఎంత బాగుందో! మన దేశంలో ఈ మూడో ఆనందమే అన్నిటికన్నా కష్టం. ఎందుకో కింద చెబుతాను.

రన్‌వే దూరం. దీన్ని డబ్బు కన్నా ముందు పెట్టాను. ఎగరడం చేతికి అలవాటు పడాల్సిన విద్య. నెల రోజులు గ్యాప్ వస్తే ముందు పాత పాఠమే మళ్ళీ చెప్పించుకోవాలి, దానికీ గంట లెక్కనే డబ్బు.

ఖర్చు తీరు. ఒక్కసారి పెట్టి వదిలేసే ఖర్చా, ఏటా పెడుతూ ఉండాల్సిన ఖర్చా? లైసెన్సు రెండో రకం.

ఒళ్ళు. బరువు, బీపీ, చూపు, రంగులు గుర్తుపట్టడం, బస్సులో వాంతులయ్యే అలవాటు. సిగ్గుపడకుండా ముందే చూసుకోవాలి. రెండు సీట్ల సెస్నా 152లో ట్యాంకు నిండా ఇంధనం పోస్తే ఇద్దరు మనుషులకూ కలిపి మిగిలేది 170 కిలోల అటూ ఇటూ. మన వైపు సంగటి తిని పెరిగిన ఇద్దరు కూర్చుంటే లెక్క దాటినా దాటుతుంది, అప్పుడు ఇంధనం తగ్గించుకోవాలి.

## ఒక్క చూపులో

| | జాయ్‌రైడ్ | మైక్రోలైట్ (బాగా తేలికైన విమానం) నేర్చుకోవడం | ప్రైవేట్ పైలట్ లైసెన్సు | పారాగ్లైడింగ్ | సిమ్యులేటర్ |
|---|---|---|---|---|---|
| ఖర్చు | వేలల్లో, ఒక్కసారి | లక్షల్లో, కానీ తక్కువ | చాలా లక్షలు, ఆ తర్వాత ఏటా | వేలల్లో | కంప్యూటరు ధర |
| పట్టే కాలం | ఒక పూట | నెలలు | ఏడాది, ఒక్కోసారి ఎక్కువ | ఒక పూట లేదా కొద్ది రోజుల కోర్సు | ఈ రాత్రి నుంచే |
| చూసే ఆనందం | బాగుంటుంది | అన్నిటికన్నా ఎక్కువ | బాగుంటుంది | చాలా బాగుంటుంది | తెర మేరకు |
| నడిపే ఆనందం | రుచి మాత్రం | పూర్తిగా | పూర్తిగా, లోతుగా | నేర్చుకుంటేనే | తలకు ఉంది, ఒంటికి లేదు |
| ఇంటిల్లిపాదీ ఎక్కడం | ఒక్కొక్కరుగా | ఒక్కరినే | నాలుగు సీట్లదైతే కుదురుతుంది | కుదరదు | అందరూ వెనక నిలబడి చూడొచ్చు |
| గాలికి తట్టుకోవడం | విమానాన్ని బట్టి | తక్కువ | మోస్తరు | చాలా తక్కువ | గాలితో పనిలేదు |

## జాయ్‌రైడ్: ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టాలి

లక్షలు కట్టేముందు ఒక్కసారి ఎక్కండి. పది నిమిషాల నుంచి అరగంట దాకా ఉంటుంది. బుక్ చేసేటప్పుడు ఒక మాట స్పష్టంగా అడగండి: ఊరికే తిప్పి తీసుకొస్తారా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని కాసేపు కంట్రోల్ చేతికిస్తారా? రెండోదానికి కొంచెం ఎక్కువ తీసుకున్నా అదే తీసుకోండి. నేర్చుకునేవాళ్ళు కూర్చునేది ఎడమ సీటు, ఇన్‌స్ట్రక్టర్‌ది కుడి సీటు. మీకు ఎడమ సీటు ఇస్తే నడిపే అవకాశం ఉన్నట్టే.

రెక్క ఎక్కడుందో కూడా చూడండి. సెస్నాలకు రెక్క తలపైన ఉంటుంది, కిందికి చూపు అడ్డంలేకుండా పోతుంది, ఎండ కూడా తక్కువ. బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్ళ హంస లాంటి వాటికి రెక్క కింద ఉంటుంది. పైన గాజు గుమ్మటం వల్ల ఆకాశం బాగా కనబడుతుంది గానీ నేలలో కొంత భాగాన్ని రెక్క కప్పేస్తుంది. చూడటానికే వెళ్ళేవాళ్ళు పైరెక్క విమానమే అడగాలి.

పొద్దున్నే వెళ్ళండి. కానీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని వెళ్ళొద్దు. ఇడ్లీ రెండు చాలు. తల తిరిగినట్టు అనిపిస్తే చేతిలో ఫోన్ కిందపెట్టి దూరంగా నేల, ఆకాశం కలిసే గీత వైపు చూడాలి, పైలట్‌కు వెంటనే చెప్పాలి. ఓర్చుకుని చెప్పకుండా ఉండటం మనవాళ్ళ అలవాటు, ఇక్కడ అది పనికిరాదు.

దిగాక మీలో ఏం మిగిలిందో చూసుకోండి. కనబడిన దృశ్యాలే గుర్తుంటే ఏడాదికోసారి ఇలా ఎక్కడమే మీకు సరిపోతుంది, లైసెన్సు డబ్బు మిగిలినట్టే. చేతిలో యోక్ ఉన్న ఆ నాలుగు నిమిషాలే పదేపదే గుర్తొస్తుంటే కింది రెండు దారుల్లో ఒకటి మీది.

## మైక్రోలైట్: సరదా కోసమే అయితే నా ఓటు దీనికి

రెండు సీట్లు, చాలా తక్కువ బరువు, చిన్న ఇంజను. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు విమానంలాగే యోక్ లేదా స్టిక్, రడ్డర్ ఉన్నది. రెండోది పైన పెద్ద గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల బండి, ముందొక అడ్డకర్ర ఉన్నది. ఆ కర్రను నెట్టి, లాగి మన బరువును జరుపుతూ దాన్ని నడుపుతారు. ఈ రెండో దాంట్లో గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. ఎగురుతున్నట్టు ఒంటికి అనిపించేది అందులోనే.

మైక్రోలైట్లకు మనకు దగ్గర్లోనే మంచి చరిత్ర ఉంది. రాజహంస అనే కంపెనీ బెంగళూరులోనే వీటిని తయారుచేసింది. ఎన్‌సీసీ క్యాడెట్ల కోసం, వైమానిక దళం కోసం మన ప్రభుత్వం 2015లో 194 పిపిస్ట్రెల్ వైరస్ మైక్రోలైట్లకు ఒప్పందం చేసుకుంది. కాలేజీలో చదివే పిల్లలుంటే, ఆ కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉందేమో కనుక్కోండి. సొంత డబ్బు పెట్టకుండా మైక్రోలైట్ ఎక్కే దారి అదొక్కటే.

ఖర్చు ఎందుకు తక్కువంటే, చాలా మైక్రోలైట్లలో వాడే రోటాక్స్ ఇంజన్లు మామూలు పెట్రోలుతో నడుస్తాయి. సెస్నా 152, 172 లాంటి పాత తరహా ఇంజన్లకు అవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలు కావాలి. చాలాకాలం దాన్ని విదేశాల నుంచే తెప్పించుకున్నాం. ఇండియన్ ఆయిల్ మన దేశంలో తయారీ మొదలుపెట్టింది 2022లో. ధర, దొరికే చోట్లు రెండూ ఇప్పటికీ ఇబ్బందే. గంటకు తాగే ఇంధనం కూడా సెస్నా 172తో పోలిస్తే మైక్రోలైట్‌కు సగం కన్నా తక్కువ.

ఇక లోటుపాట్లు. బరువు తక్కువ కాబట్టి గాలి ఎటు తోస్తే అటు ఊగుతుంది. పొద్దున తొమ్మిది దాటితే మన ఎండలకు నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేచి, విమానం గుంతల రోడ్డు మీద ఆటోలాగా ఎగిరెగిరి పడుతుంది. అందువల్ల మైక్రోలైట్ సరదా పొద్దున రెండు మూడు గంటలదీ, సాయంత్రం ఒక గంటదీ. భార్యను ఒకసారి, కొడుకును ఒకసారి తిప్పాలి, అందరూ కలిసి కుదరదు. దూర ప్రయాణం అసలే వద్దు. ఎగిరి, చూసి, అదే చోట దిగడం మీకు చాలంటే మాత్రం ఇంతకన్నా మంచిది లేదు.

మోజు మీద ఎవరి పొలంలోనో తయారైన, రిజిస్ట్రేషన్ లేని బండి ఎక్కొద్దు. ఏ విమానం మీదైనా వీటీ అనే అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ కనబడాలి. నడిపే మనిషి దగ్గర డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ, ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళనక్కర్లేదు.

## ప్రైవేట్ పైలట్ లైసెన్సు: నేర్చుకోవడమే ఇష్టమైనవాళ్ళకు

పదో తరగతి పాసై ఉండాలి. పదహారేళ్ళకు స్టూడెంట్ పైలట్ లైసెన్సు, పదిహేడేళ్ళకు ప్రైవేట్ లైసెన్సు తీసుకోవచ్చు. పై వయసుకు హద్దు లేదు, వైద్య పరీక్ష పాసైతే చాలు. దాన్ని డీజీసీఏ గుర్తించిన డాక్టరే చెయ్యాలి, ఊళ్ళో ఫ్యామిలీ డాక్టర్ సర్టిఫికెట్ చెల్లదు. ఫీజు కట్టే ముందే ఈ పరీక్ష చేయించుకోండి. కట్టాక అన్‌ఫిట్ అని తెలిస్తే డబ్బు వెనక్కి రావడం గగనం.

తర్వాత చదువు: గగనతల నిబంధనలు, దారి లెక్కలు, వాతావరణం, ఇంజను సంగతులు. రేడియోలో మాట్లాడటానికి విడిగా ఇంకో పరీక్ష. ఇంతకాలం టెలికం శాఖ పెట్టిన ఆ పరీక్ష, 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ చట్టంతో డీజీసీఏ చేతికి వచ్చింది. వ్యాపారం చూసుకుంటూ చదివే నలభై ఏళ్ళవాళ్ళకు నిజంగా ఇబ్బంది పెట్టేది ఈ చదువే, ఎగరడం కాదు. అయితే కొందరికి అసలు ఆనందం ఇక్కడే దొరుకుతుంది. మబ్బును చూసి రాబోయే గంట చెప్పగలగడం, ఎదురుగాలి లెక్కగట్టి ఇంధనం తేల్చడం ఒకసారి పట్టుబడితే, నేల మీద ఉన్నప్పుడు కూడా ఆకాశాన్ని చూసే చూపు మారిపోతుంది.

ఎగరాల్సినవి కనీసం 40 గంటలు. అందులో ఒంటరిగా 20. ఆ ఒంటరి గంటల్లో ఐదు గంటలు ఊరు దాటి వెళ్ళేవి ఉండాలి. వాటిలో ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్ళకు, అంటే సుమారు 280 కిలోమీటర్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేర్వేరు చోట్ల దిగి లేవాలి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. గంటకు 12,000 రూపాయలు అనుకుంటే 40 గంటలకు 4,80,000. నలభైకే సిద్ధమయ్యేవాళ్ళు తక్కువ, యాభై అరవై అనుకోవడం మేలు. అరవై అయితే 7,20,000. దీని మీద పరీక్షలు, వైద్యం, బస, తిండి, ప్రయాణం.

ఆ ప్రయాణం దగ్గరే మన వాళ్ళ లెక్క తప్పుతుంది. అనంతపురం నుంచి బెంగళూరులో చిన్న విమానాల రన్‌వే ఉన్న జక్కూరు సుమారు 200 కిలోమీటర్లు. వారానికోసారి వెళ్ళి ఒక్కో గంట ఎగిరితే 40 గంటలకు 40 వారాలు, రానుపోను 16,000 కిలోమీటర్ల రోడ్డు. మధ్యలో వాన, పొగమంచు, విమానం రిపేరు, పెళ్ళిళ్ళు. పదిలో మూడు ఆదివారాలు ఎగరకుండానే వెనక్కి రావడానికి సిద్ధపడాలి. అందుకే సీమలో ఉండి నేర్చుకోవాలనుకునేవాళ్ళు వారాంతాల లెక్క మానేసి, ఏడాదిలో రెండు మూడుసార్లు మూడేసి వారాలు సెలవు పెట్టి ఫ్లయింగ్ స్కూలు పక్కనే గది తీసుకోవడం మంచిది. అలా కుదరని ఉద్యోగమైతే ఈ దారి ఇప్పటికి వద్దు, మైక్రోలైట్ చూడండి.

లైసెన్సు వచ్చాక? కిరాయి తీసుకుని ఎవరినీ ఎక్కించకూడదు. స్నేహితులను, ఇంట్లోవాళ్ళను ఉచితంగా తిప్పొచ్చు, అదీ గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉంటేనే. సూర్యాస్తమయం లోపు దిగిపోవాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళాలంటే ఫ్లయిట్ ప్లాన్ వేసి, రక్షణ శాఖ వైపు నుంచి ఏడీసీ అనే అనుమతి నంబరు, విమాన సమాచార కేంద్రం నుంచి ఎఫ్ఐసీ నంబరు తీసుకోవాలి. మన చిన్న విమానాశ్రయాల్లో టవరు రోజంతా పనిచెయ్యదు, ఎయిర్‌లైన్ విమానాల వేళలను బట్టి తెరుస్తారు. పుట్టపర్తి ప్రైవేటుది కాబట్టి ముందు అనుమతి కావాలి. పైన చెప్పిన మూడో ఆనందం కష్టమన్నది ఇందుకే. కడప నుంచి ఓర్వకల్లు ముప్పావు గంటే గానీ, దాని వెనక కాగితాల పని ఒక పూట. ఆ పని కూడా సరదాగా చేసేవాళ్ళున్నారు. మీరు ఆ రకం కాకపోతే ముందే తెలుసుకోవడం మంచిది.

సొంత విమానం కొనడం గురించి అడిగేవాళ్ళూ ఉంటారు. షెడ్డు, బీమా, ప్రతి 100 గంటలకు తనిఖీ, దానికి లైసెన్సున్న ఇంజనీరు. ఇవన్నీ ఉన్న ఊళ్ళో మీరు లేనంతవరకు ఆ ఆలోచన పక్కనపెట్టండి.

## ఎండ, గాలి: సీమ వాళ్ళు మరచిపోకూడనివి

కడప విమానాశ్రయం సముద్రమట్టానికి నాలుగు వందల అడుగుల పైచిలుకు ఎత్తులోనే ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో మాత్రం అక్కడి గాలి పల్చబడి, దాదాపు 3,800 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఇంజనుకు బలం తగ్గుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి. కడప, ఓర్వకల్లు రన్‌వేలు జెట్ విమానాల కోసం కట్టినవి కాబట్టి అక్కడ ఇది పెద్ద సమస్య కాదు. బెంగళూరు జక్కూరు అలా కాదు. అది ఎలాగూ మూడు వేల అడుగుల ఎత్తులో ఉంది, రన్‌వే పొట్టిది. ఏప్రిల్‌లో 34 డిగ్రీలకే అక్కడి గాలి ఆరు వేల అడుగుల ఎత్తున్నట్టు ఉంటుంది. అందుకే వేసవి మధ్యాహ్నం ఇన్‌స్ట్రక్టర్ వద్దంటే బతిమాలొద్దు.

గాలి సంగతి అనంతపురం వాళ్ళకు వేరే చెప్పాలా? రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి జోరుగా ఉంటుంది. రన్‌వేకు అడ్డంగా, పక్క నుంచి కొట్టే గాలిని అడ్డగాలి అంటారు. సెస్నా 152 ఎంత అడ్డగాలిలో దిగగలదో తయారీదారు పరీక్షించి చూపింది 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్లు. 172కు అది 15 నాట్లు. కొత్తవాళ్ళను అంతవరకు కూడా పోనివ్వరు. శీతాకాలం మంచిది, కానీ కడప వైపు అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలుంటాయి. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా, పొగమంచు విడిన తర్వాత పొద్దుటి పూట అన్నిటికన్నా హాయి. సెలవులు పెట్టేవాళ్ళు సంక్రాంతి చుట్టూ పెట్టుకోండి.

## మిగిలిన దారులు

పారాగ్లైడింగ్. ఇంజను లేదు, శబ్దం లేదు, గుడ్డ రెక్క కింద కూర్చుని గద్దలాగా వేడిగాలి మీద పైకి తేలడం. చూసే ఆనందానికి ధర తక్కువ. పైలట్‌తో జంటగా ఎగరడానికి హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్, పుణె దగ్గర కామ్‌షెట్ పేరున్న చోట్లు. బీర్‌లో జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు నిషేధం, టికెట్లు కొనేముందు చూసుకోండి. కానీ ఇది విమానానికి మొదటి మెట్టు అనుకోకండి, పూర్తిగా వేరే ఆట. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పరిగెత్తి లేవడం, దిగడం ఆలోచించుకోవాలి.

సిమ్యులేటర్. కంప్యూటరు తెర మీద విమానం నడపడం. మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్ ఈ రెండిట్లో ఏదైనా సరే. మంచి కంప్యూటరు, ఒక యోక్ లేదా జాయ్‌స్టిక్, కుదిరితే కాళ్ళ కింద రడ్డర్ పెడల్స్. దారి లెక్కలు, రేడియో మాటలు, పరికరాలు చదవడం ఇంట్లోనే అలవాటవుతాయి, అసలు విమానంలో కొన్ని గంటల డబ్బు మిగులుతుంది. ఒక చెడ్డ అలవాటు కూడా వస్తుంది: కళ్ళు బయట పెట్టకుండా డయల్స్ మీదే పెట్టడం. మొదటి పాఠంలో ఇన్‌స్ట్రక్టర్ తిట్టేది దానికే. నడిపే ఆనందం కావాలి గానీ రన్‌వే 200 కిలోమీటర్ల దూరంలో ఉందనేవాళ్ళు లైసెన్సుకు ముందు ఒక ఆరు నెలలు దీంతో గడపడం తెలివైన పని.

అమెరికాలో పిల్లల దగ్గర. సీమలో ప్రతి రెండో ఇంటి నుంచీ ఎవరో ఒకరు డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నారు. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు షాపింగ్ మాల్స్‌కు బదులు ఒక పొద్దున డిస్కవరీ ఫ్లయిట్ (మన జాయ్‌రైడ్ లాంటిదే) ఏర్పాటు చెయ్యమని అడగండి. అక్కడ చాలా ఫ్లయింగ్ స్కూళ్ళలో దొరుకుతుంది, కంట్రోల్ కూడా చేతికిస్తారు. లైసెన్సు దాకా నేర్చుకోవాలంటే మాత్రం ఆ దేశ పౌరులు కానివాళ్ళకు భద్రతా శాఖ అనుమతి కావాలి, వీసా రకం కూడా చూస్తారు. విజిటర్‌గా వెళ్ళి మొదలుపెట్టేయొచ్చు అనుకోవద్దు.

## ఊరిని బట్టి

అనంతపురం, ధర్మవరం, పుట్టపర్తి వైపు వాళ్ళకు బెంగళూరు జక్కూరే దారి. హిందూపురం వాళ్ళు అందరికన్నా అదృష్టవంతులు, 90, 100 కిలోమీటర్లలో చేరిపోతారు, నగరంలోకి దిగాల్సిన పని కూడా లేదు. మైక్రోలైట్ అయినా లైసెన్సు అయినా వారాంతాల్లో కుదిరేది సీమ మొత్తంలో వాళ్ళకే. జక్కూరులో ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు ఉంది, మైక్రోలైట్లు నడిపేవాళ్ళూ ఉన్నారు.

కర్నూలు, నంద్యాల వాళ్ళకు హైదరాబాద్ దగ్గర. బేగంపేటలో, నాదర్‌గుల్‌లో శిక్షణ సంస్థలున్నాయి. నాదర్‌గుల్ నగరానికి ఆగ్నేయంలో ఉంది కాబట్టి 44వ నంబరు హైవే మీద వచ్చేవాళ్ళకు ట్రాఫిక్ బాధ తక్కువ. అయితే ఎక్కువ భాగం అక్కడ కమర్షియల్ లైసెన్సు పిల్లల రద్దీ. సరదాకు వచ్చిన నలభై ఏళ్ళ మనిషికి విమానం ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే గట్టిగా అడగాలి.

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్ళదే చిక్కు. బెంగళూరు, చెన్నై రెండూ సుమారు 250 కిలోమీటర్ల దూరం. ఫ్లయింగ్ స్కూళ్ళు పెట్టడానికి 2022లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎంచుకున్న ఐదు విమానాశ్రయాల్లో కడప ఒకటి. కాబట్టి ఇంకెక్కడైనా డబ్బు కట్టేముందు కడప విమానాశ్రయంలో శిక్షణ ఎంతవరకు వచ్చిందో, సరదాకు నేర్చుకునేవాళ్ళను తీసుకుంటారో లేదో నేరుగా వెళ్ళి కనుక్కోండి. కుదరకపోతే ఇంట్లో సిమ్యులేటర్, సంక్రాంతి సెలవుల్లో జక్కూరు జాయ్‌రైడ్, అవి చాలవనిపిస్తే మూడు వారాల సెలవుతో లైసెన్సు మొదలుపెట్టడం. కడపలో ఉండి వారం వారం బెంగళూరు వెళ్ళి నేర్చుకుంటానంటే మాత్రం నేను ప్రోత్సహించను.

## డబ్బు కట్టేముందు ఫోన్లో అడగాల్సినవి

ఇవాళ ఎగరగలిగే విమానాలు మీ దగ్గర ఎన్ని, రిపేరులో ఉన్నవి ఎన్ని? ఈ ప్రశ్నకు తడుముకుంటే జాగ్రత్తపడండి. పెద్ద బోర్డు, ఒక్క విమానం ఉన్న చోట్లు ఉంటాయి. ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, నాకు ఒకరే ఉంటారా, వారానికొకరు మారతారా? గంట లెక్క ఎప్పుడు మొదలవుతుంది, ఇంజను స్టార్ట్ చేసినప్పటి నుంచా, చక్రాలు నేల వదిలినప్పటి నుంచా? రన్‌వే దాకా నడిచే పది నిమిషాలకూ డబ్బు పడుతుంది, ఏడాదికి అది చిన్న మొత్తం కాదు. ఇంధనం ధర పెరిగితే నాకు చెప్పిన రేటు మారుతుందా? పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా బీమా ఉందా? మొత్తం ముందే కట్టమంటారా, ఎగిరిన గంటలకే కట్టొచ్చా? మొత్తం ముందే కట్టమనే చోట ఎంత తగ్గింపు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు, పది గంటలకు మించి అడ్వాన్స్ ఇవ్వొద్దు. చివరిగా, వాతావరణం బాగాలేక ఆ పూట ఎగరకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో రోజుకు మారుస్తారా అన్నది వాట్సాప్‌లో అయినా సరే, రాతలో తీసుకోండి.